మంచు కొండ ఎక్కే ముందు

గత శీతాకాలంలో ఒకనాడు, అసర్ నమాజు ముగిసిన తరువాత, మా మదరసా గుమ్మం వద్దకు ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. ఆ అబ్బాయి చిన్ననాడు నా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్నవాడు. ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తండ్రి ఇక్కడే, శ్రీరాంపూర్ ప్రాంతపు బొగ్గు బాయిలో పని చేస్తాడు.

"ఉస్తాద్, వీడు కాశ్మీరుకు పోతున్నాడు. మంచు మీద జారే ఆటట. దుఆ చేయండి" అన్నది ఆమె.

వివరం అడిగాను. నిరుటి సంవత్సరం గుల్మర్గ్‌లో కొత్తవారికి నేర్పే చిన్న వాలు మీద స్కీయింగ్ నేర్చుకున్నాడట. ఈసారి నలుగురు మిత్రులతో కలిసి గొండోలాలో పై చివరి వరకు వెళ్ళి, ఎవరూ తొక్కని మంచు మీదుగా క్రిందికి దిగాలని సంకల్పించాడట. సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించాడు. తెల్లని వాలు మీద ఒక మనిషి పక్షిలా దిగిపోతున్నాడు. చూడటానికి ఎంతో అందంగా ఉంది.

"బేటా, ఆ మంచు నీతో పాటే జారితే?" అని అడిగాను.

అతడు నవ్వి, "ఉస్తాద్, రాసిపెట్టి ఉంటే ఇంట్లో పడుకున్నా పోతాం కదా. మీరు చెప్పిందే" అన్నాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. విధివ్రాత పట్ల విశ్వాసాన్ని ఆ పిల్లవాడికి బోధించినవాడిని నేనే. ఆ బోధన అజాగ్రత్తకు ఊతకర్ర అవుతుందని ఆనాడు నేను ఊహించలేదు. అప్పటికప్పుడు సమాధానం చెబుదామంటే, మంచు గురించి నాకు తెలిసినది సున్న. నస్పూర్‌లో మే నెల ఎండ గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. మంచు గురించి ఏమి చెప్పగలను? దుఆ చేశాను. "బయలుదేరే లోపల మరొకసారి వచ్చి కలువు" అని మాత్రం అన్నాను. అతడికి ఇంకా మూడు వారాల వ్యవధి ఉంది. ఆ మూడు వారాలు నేనే విద్యార్థినయ్యాను. ఇతర కుటుంబాలకు కూడా పనికివస్తుందన్న ఆశతో, నేర్చుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

మన తెలుగులో పొగమంచూ మంచే, ఆకు మీది బిందువూ మంచే, ఆకాశం నుండి రాలే హిమమూ మంచే. ఉర్దూలో గ్లాసులో వేసుకునే గడ్డా, కొండ మీది హిమమూ రెండూ బర్ఫే. కాశ్మీరీలు మాత్రం రాలే హిమాన్ని షీన్ అంటారు. డిసెంబరు మూడవ వారం నుండి నలభై రోజుల గడ్డు చలికి చిల్లాయ్ కలాన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ మంచుతో కాపురం చేసే వారి భాష అది. మనం సెలవు పెట్టి నాలుగు రోజులు చూసివచ్చే వాళ్ళం. పేరే సరిగా తెలియని దాని స్వభావం మనకు ఎలా తెలుస్తుంది?

అయినా మంచు చరియల ప్రమాదం మనకు పూర్తిగా పరాయిది కాదు. 2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమనదంపై, సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ స్థావరం మీద మంచు కూలింది. మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్‌కు చెందిన పది మంది సైనికులు దాని క్రింద చిక్కుకున్నారు. కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తరువాత ప్రాణాలతో దొరకడం దేశమంతా ఆశ్చర్యంగా విన్నది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన కూడా కన్నుమూశాడు. ఆ పది మందిలో ఒకరు సిపాయి ముష్తాఖ్ అహ్మద్. అప్పటి కర్నూలు జిల్లాలోని పార్నపల్లె ఆయన ఊరు. నల్లరేగడి నేలలో పుట్టిన ఒక తెలుగు ముస్లిం బిడ్డ ప్రపంచంలోనే అత్యంత ఎత్తయిన యుద్ధభూమిలో మంచు క్రింద ఒరిగిపోయాడు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక.

సైనికునికి తన స్థావరాన్ని ఎంచుకొనే వీలు ఉండదు. ఆజ్ఞ ఎక్కడ ఉంటే అక్కడ నిలబడతాడు. వినోదం కోసం వెళ్ళేవాడికి మాత్రం ఏ వాలు మీద కాలు మోపాలో, దేని మీద మోపరాదో నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఉంది. పాశ్చాత్య దేశాల ప్రమాదాల లెక్కలు చూసినవారు ఒక విషయం పదే పదే చెబుతారు. ప్రాణం పోయిన వినోదయాత్రికుల విషయంలో పదింట తొమ్మిది సార్లు, ఆ మంచు దానంతట అది కూలలేదు. దాని క్రింద పడినవాడో, అతని వెంట ఉన్నవాడో వేసిన అడుగు బరువుకే తెగింది. నేను నేర్చుకున్నవాటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదే. ఆకాశం నుండి ఆపద ఊడిపడిందని మనం అనుకొనే చోట, మన పాదమే దానిని మేల్కొలుపుతోంది.

ఇది ఎలా జరుగుతుందో మా పిల్లలకు చూపించడానికి వంటింటి సాయం తీసుకున్నాను. ఒక వెడల్పయిన చెక్క తఖ్తీ మీద పలుచగా చక్కెర చల్లాను. దానిపై ఆరిపోయి గట్టిపడిన జొన్నరొట్టె ఒకటి ఉంచాను. తఖ్తీని ఒక వైపు మెల్లగా పైకి లేపాను. కొంతసేపు రొట్టె కదలలేదు. ఒకానొక వాలు వచ్చాక వ్రేలితో కొంచెం తాకగానే మొత్తం రొట్టె ఒక్కసారిగా జారి క్రింద పడింది. చక్కెర గింజలు కూడా దానితో పాటే దొర్లాయి. పిల్లలు నవ్వారు. ఒకడు రొట్టె తీసి తినేశాడు.

కొండ మీద మంచు కూడా ఒకే ముద్దగా ఉండదు. ఒక్కొక్కసారి కురిసినది ఒక్కొక్క పొరగా పేరుకుంటుంది. ఆకాశం నిర్మలంగా ఉండి చలి గడ్డకట్టించే రాత్రులలో, పాత పొర లోపలి రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కోని చక్కెర పలుకుల వంటివిగా మారతాయి. ఆ బలహీనమైన పొర మీద కొత్త మంచు కురుస్తుంది. గాలి దానిని ఒత్తి ఒత్తి గట్టి పలకగా చేస్తుంది. పై నుండి చూసే కంటికి అంతా ఒకే తెలుపు. మనిషి ఆ పలక మీద నిలబడినప్పుడు అతని బరువు క్రింది చక్కెర పొరను నలుపుతుంది. పగులు క్షణాలలో వాలు అంతటా పరుగెత్తుతుంది. కొన్ని సెకన్లలోనే ఆ పలక గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. పరుగెత్తి తప్పించుకొనే వ్యవధి ఎవరికీ దక్కదు.

వాలు ఎంత ఉండాలి? మరీ నిటారు కొండ మీద మంచు నిలవదు, కురిసినది కురిసినట్టే రాలిపోతుంది. బల్లపరుపు నేల మీద జారదు. 30 నుండి 45 డిగ్రీల నడిమి వాలు ప్రాణాంతకం. మా మదరసా మేడ మెట్ల మీద ఫోనును ఏటవాలుగా పెట్టి కొలిచి చూశాము. ముప్పైకి కొంచెం పైన చూపింది. అంటే మనం రోజూ ఎక్కి దిగే మెట్ల వంటి వాలే. స్కీయింగ్ నేర్చినవారికి మిక్కిలి ఇష్టమైన వాలు కూడా అదే కావడం గమనించదగినది. మరొక సంగతి కూడా ఉంది. తాను నిలిచిన చోటు సమతలంగా ఉన్నంత మాత్రాన ధైర్యం చాలదు. పైన ఉన్న వాలు తెగితే క్రిందనున్న లోయలోని వాడు కప్పబడతాడు.

మంచు ముందుగా చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. అటువంటి వాలు మీదనే ఈ మధ్య ఎక్కడైనా చరియ జారిన గుర్తు కనిపిస్తే, దాని పక్క వాలు కూడా అదే దారిలో ఉందని అర్థం. అడుగు వేసినప్పుడు కాలి క్రింద ఏదో కుంగినట్టు 'వుంఫ్' అనే గుల్ల శబ్దం వస్తే, లోపలి పొర నలిగిందన్నమాట. పాదాల ముందు నుండి పగుళ్ళు గీతల్లా పరుగెత్తితే ఇక సందేహించవలసినది ఏమీ లేదు. ఒక్క రోజులో అడుగు మందాన కొత్త మంచు కురవడం, గాలి ఒక వైపు మంచును ఊడ్చి తెచ్చి శిఖరం వెనుక వైపు పోయడం, ఎండ హఠాత్తుగా కాయడం — వీటిలో ఏది జరిగినా ఆ తరువాత ఒకటి రెండు రోజులు జాగ్రత్తగా ఉండవలసిన కాలమే. అయితే సరిగ్గా కొత్త మంచు పడిన మరునాటి ఉదయమే, ఆకాశం నీలంగా విప్పారినప్పుడే, ఈ ఆటగాళ్ళకు ఉత్సాహం పొంగేది! గట్టిగా అరిస్తే మంచు కూలుతుందని సినిమాలు చూసినవారు నమ్ముతారు. అది వట్టి మాట. అరుపుకు ఆ శక్తి లేదు, అడుగుకు ఉంది.

'వుంఫ్' శబ్దం గురించి ఆ అబ్బాయి తండ్రితో చెప్పినప్పుడు ఆయన చప్పున తల ఎత్తాడు. మొదటి షిఫ్టు ముగించుకొని మఘ్రిబ్‌కు వచ్చాడు ఆ రోజు. "మా బాయిలో కూడా అంతే ఉస్తాద్" అన్నాడు. బొగ్గు తీసిన తరువాత పని స్థలంలో అడుగు పెట్టే ముందు పైకప్పును రాడ్‌తో తట్టి చూస్తారట. గట్టి బండ అయితే గంటలా ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. డొల్ల చప్పుడు విన్న తరువాత దాని క్రిందికి వెళ్ళడానికి ఎవరికీ అనుమతి లేదు. వదులు బండను దింపి వేయాలి, లేదా సపోర్టు పెట్టాలి. "ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నా రోజూ తట్టి చూడవలసిందే. నిన్నటి రూఫ్ ఇవాళ్టి రూఫ్ కాదు" అన్నాడాయన.

మా ఊరివారికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. 2021 నవంబరు 10న ఇక్కడి ఎస్‌ఆర్‌పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు మరణించారు. ఆనాడు నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీలలో పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్నో. నేలకు అడుగున నల్లని పైకప్పు, కొండ మీద తెల్లని పలక. రెండూ పొరలే, రెండూ తమ బరువును మోసుకొంటూ నిలిచి ఉన్నవే. కానీ బాయిలోకి కొత్తగా దిగేవాడికి ముందుగా వీటీసీలో శిక్షణ ఇస్తారు. ఏటేటా రక్షణ పక్షోత్సవాలు జరిపి పాటలతో, నాటికలతో మళ్ళీ మళ్ళీ గుర్తు చేస్తారు. మంచు కొండకు వెళ్ళే మన పిల్లవాడికి ఎవరు చెబుతున్నారు? విమానం టికెట్టు, హోటలు గది, అద్దెకు స్కీలు, అంతే.

ఐరోపాలో, అమెరికాలో ఈ విద్య బాగా స్థిరపడింది. 1993 నుండి ఐరోపా దేశాలు ప్రమాద తీవ్రతను ఒకటి నుండి ఐదు వరకు ఒకే అంకెలతో ప్రకటిస్తున్నాయి. అమెరికాలో, కెనడాలో కూడా ఐదు మెట్ల కొలమానమే వాడుకలో ఉంది. ఐదు అంటే ఎవరూ బయటకు రారు. అందుచేత అక్కడ మరణాలు తక్కువ. 'మూడు' దగ్గరనే మనుషులు ఎక్కువగా పోతున్నారు. మూడు అంటే మధ్యస్థం కదా, ఏమవుతుందిలే అనుకోవడమే కారణం. మన దేశంలో ఈ సూచనలు ఇచ్చేది చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ. దాని ఆధారంగా జమ్మూ కాశ్మీర్ విపత్తు నిర్వహణ సంస్థ, ఏ జిల్లాలో ఎన్ని మీటర్ల ఎత్తుకు పైన ఎంత ప్రమాదమో శీతాకాలంలో ప్రకటిస్తుంది. గుల్మర్గ్ బారాముల్లా జిల్లాలో ఉన్నది. జిల్లా మొత్తానికి ఇచ్చిన సూచన ఒక్కొక్క వాలు సంగతి చెప్పదు కాబట్టి, గుల్మర్గ్‌లోని స్కీ పెట్రోల్ వారిని ఆ ఉదయమే అడగాలి. గొండోలా పై స్టేషను సుమారు 13,000 అడుగుల వద్ద, అఫర్వత్ కొండ భుజం మీద ఉంటుంది. పెట్రోల్ వారు కాపలా కాసేది ఆ దగ్గరి పరిమిత ప్రదేశాన్ని మాత్రమే. ఆ హద్దు దాటిన తరువాత ఎవరి కాపలా ఉండదు. 2010 ఫిబ్రవరిలో అక్కడికి దగ్గరలోని ఖిలన్‌మర్గ్‌లో, మంచు యుద్ధంలో శిక్షణ పొందుతున్న సైనికులపై చరియ పడి కనీసం 17 మంది చనిపోయారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలుపై ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా స్కీయర్ ప్రాణాలు కోల్పోయారు. వీరు ఆటకు కొత్తవారు కారు.

కొత్తవారు కాకపోవడమే ఒక్కొక్కసారి కీడు చేస్తుంది. ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికా పరిశోధకుడు ఏడు వందలకు పైగా ప్రమాదాలను పరిశీలించి, ప్రమాద లక్షణాలు కళ్ళెదుట కనిపిస్తున్నా జనం ముందుకు ఎందుకు వెళ్ళారో వివరించాడు. ఇది నాకు తెలిసిన వాలు అన్న ధీమా. ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పెట్టి, ఉత్త చేతులతో తిరిగి వెళ్ళడమా అన్న పట్టుదల. మిత్రుల ఎదుట, మరీ ముఖ్యంగా చూడాలనుకున్నవారి ఎదుట, చిన్నబోతామన్న బెరుకు. జట్టులో పెద్దగా అనిపించేవాడు ఉన్నాడు, అతనే చూసుకుంటాడులే అన్న భరోసా. ఇతరులు మన కంటే ముందే ఆ తాజా మంచును తొక్కేస్తారన్న తొందర. మదరసాలో ముప్పై ఏళ్ళుగా నఫ్స్ మోసాల గురించి పాఠం చెబుతున్నవాడిని నేను. ఈ జాబితా చదివినప్పుడు ఇందులో ఏదీ నాకు కొత్తగా తోచలేదు. కొండ మారిందే గాని మనిషి ఒక్కడే.

2012 ఫిబ్రవరి 19న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్టీవెన్స్ పాస్ వద్ద ఇదే జరిగింది. పదహారు మంది ఒక వాలు దిగడానికి బయలుదేరారు. అందరూ ఆరితేరినవారు, ఆ కొండ ఎరిగినవారు. ఆనాటి హెచ్చరిక కూడా వారికి తెలుసు. కొందరికి లోపల సందేహం కలిగింది. ఇంత మంది నిపుణులు ఉండగా నేనెవరిని వద్దనడానికి అని ఊరకున్నారు. మంచు తెగింది. ముగ్గురు మరణించారు. ఆ స్థలం సియాటిల్ నగరం నుండి కొద్ది గంటల ప్రయాణం. సియాటిల్ చుట్టుపక్కల మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉద్యోగాలు చేస్తున్నారో మీకు తెలుసు. అక్కడి హిమచరియల కేంద్రం శీతాకాలంలో ప్రతి రోజూ సూచన వెలువరిస్తుంది. మీ బిడ్డ అక్కడ ఉంటే, ఫోను చేసినప్పుడు తిన్నావా అని అడిగినట్టే, కొండకు వెళ్తే సూచన చదివావా అని కూడా అడగండి.

స్కీయింగ్ మాట ఎలా ఉన్నా, కుటుంబంతో యాత్రకు వెళ్ళేవారు ఇది తమకు సంబంధించినది కాదని అనుకోరాదు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్ నుండి నాథూలా వెళ్ళే రోడ్డు పక్కన మంచు చరియ పడి ఏడుగురు యాత్రికులు చనిపోయారు. అనుమతి పదమూడవ మైలు వరకు ఉంటే, ప్రమాదం పదిహేనవ మైలు దగ్గర జరిగిందని అధికారులు చెప్పారు. ఇంకొంచెం ముందుకు పోతే మంచు ఇంకా బాగుంటుంది, ఫోటో బాగా వస్తుంది — ఆ రెండు మైళ్ళ కథ ఇంతే కావచ్చు. పిల్లలు ఆడుకొనే చోటికి పైన ఏ వాలు వ్రేలాడుతోందో ఒకసారి తల ఎత్తి చూడటానికి డబ్బు ఖర్చు కాదు.

మంచు క్రింద పడినవాడికి ఉన్న గడువు చాలా చిన్నది. దెబ్బలకే పోనివారిలో, పది పదిహేను నిమిషాలలోపు బయటకు తీసినవారు పది మందికి తొమ్మిది మంది బ్రతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒకరు దక్కడం కష్టం. కదలిక ఆగిన మరుక్షణం మంచు సిమెంటులా బిగుసుకుంటుంది, వ్రేలు కూడా కదపలేరు. క్రింది నుండి సహాయక దళం వచ్చేసరికి సాధారణంగా గంట దాటుతుంది. కాబట్టి ప్రాణం కాపాడగలిగేది పక్కనున్న స్నేహితుడే. అతని వద్ద మూడు వస్తువులు ఉండాలి. ఒకటి, ఒంటికి కట్టుకొనే ట్రాన్స్‌సీవర్. ప్రపంచమంతటా ఒకే పౌనఃపున్యంపై, 457 కిలోహెర్ట్జ్‌పై, ఇవి సంకేతం పంపుతాయి, అందుకుంటాయి. రెండవది, మడిచి పెట్టుకొనే పొడవాటి గుచ్చుకర్ర. మూడవది, పార. ముగ్గురి దగ్గర ఉండి నాలుగవవాడి దగ్గర లేకపోతే, ఆ నాలుగవవాడిని ఎక్కడని వెతుకుతారు? వస్తువు ఉన్నంత మాత్రాన చాలదు, పది సార్లు అభ్యాసం చేసి ఉండాలి. ప్రమాదకరమైన వాలును ఒక్కొక్కరుగా దాటాలి, మిగిలినవారు భద్రమైన చోట నిలిచి అతని మీదనే కన్ను వేసి ఉంచాలి. ఎవరైనా కొట్టుకుపోతే చివరిసారి కనిపించిన చోటు గుర్తు పెట్టుకోవాలి. సహాయం కోసమని పరుగెత్తకుండా ముందు తామే వెతకాలి. కొట్టుకుపోతున్నవాడు మంచు పైన తేలడానికి శాయశక్తులా పెనుగులాడాలి. వేగం తగ్గుతున్నప్పుడు చేతిని ముఖానికి అడ్డం పెట్టుకొని ఊపిరికి జాగా చేసుకోవాలి.

మూడవ వారంలో ఆ అబ్బాయి వచ్చాడు. ఇవన్నీ చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. అయితే అతని మొదటి మాటకు నేను ఇంకా బదులు చెప్పవలసి ఉంది. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) గారి సర్గ్ ప్రయాణం గుర్తు చేశాను. సిరియా వైపు వెళుతుండగా అక్కడ ప్లేగు ప్రబలిందని తెలిసింది. సహచరులను సంప్రదించి ఆయన వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ వ్రాసిన విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపే వెళుతున్నామని ఖలీఫా సమాధానం. రెండు వాలులు ఉన్న లోయలో, ఒక వైపు పచ్చిక, ఒక వైపు బీడు ఉంటే, ఒంటెలను ఎటు తోలినా అది విధి లోపలి మాటే గదా అని ఆయన ఉదాహరణ కూడా చెప్పారు. "బేటా, ఖలీఫా అంతటివాడు సైన్యాధిపతుల ఎదుట వెనుదిరిగాడు. చిన్నతనం అనుకోలేదు. నీవు నలుగురు స్నేహితుల ఎదుట వెనుదిరగలేవా?" అన్నాను.

కూలిన దాని క్రింద పడి మరణించిన విశ్వాసికి షహీద్ హోదా దక్కుతుందని మన ధర్మంలో శుభవార్త ఉంది. అది వెనుక మిగిలిన తల్లికి ఓదార్పు. బయలుదేరేవాడు దానిని టికెట్టులా జేబులో వేసుకొని వెళ్ళడానికి చెప్పినది కాదని కూడా ఆనాడే అన్నాను. తల్లి అక్కడే ఉంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ మాట ఆమె ఎదుట అనకుండా ఉండవలసిందేమోనని తరువాత అనిపించింది.

తండ్రి ఒక్కటే షరతు పెట్టాడు. రోజూ ఉదయం కొండకు వెళ్ళే ముందు ఆ నాటి సూచన ఏమిటో తనకు ఫోనులో చెప్పాలి. అబ్బాయి ఒప్పుకున్నాడు. స్థానిక గైడును మాట్లాడుకున్నారు. మూడు వస్తువులూ నలుగురికీ అద్దెకు తీసుకున్నారు. మొదటి రెండు రోజులు గైడు వారిని పై వాలు వైపే పోనివ్వలేదట, ట్రాన్స్‌సీవర్‌ను మంచులో పాతిపెట్టి వెతికించడమే పని. మూడవ రాత్రి మంచు కురిసింది. నాలుగవ ఉదయం ఆకాశం తేటపడింది. ఫోను వచ్చినప్పుడు తండ్రి మొదటి షిఫ్టుకు బయలుదేరుతున్నాడు. గాలి వీచిందని, గైడు వద్దంటున్నాడని, స్నేహితులలో ఒకడు మాత్రం అలిగి కూర్చున్నాడని కొడుకు చెప్పాడు. ఆ రోజు వారు క్రింది వాలు మీదనే ఆడుకున్నారు. పై శిఖరం నుండి దిగడం ఆ యాత్రలో కుదరనే లేదు.

తిరిగి వచ్చాక మదరసాకు అక్రోట్ల సంచీతో వచ్చాడు. మంచులో తీసిన ఫోటోలు తండ్రికి చూపిస్తుంటే, ఆయన చూపు ఒక ఫోటోలో కొడుకు చేతిలో ఉన్న పార మీద ఆగింది. అల్యూమినియంతో చేసిన తేలికైన పార అది. సింగరేణిలో బొగ్గెత్తే పారను చెమ్మస్ అంటారు. ఆయన వయసంతా దానితోనే గడిచింది.

"ఇంత చిన్న చెమ్మస్‌తో మనిషిని తవ్వి తీయాలంటే ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు.

ఒక మీటరు లోతుకు నలుగురు వంతులవారీగా తవ్వితే పది నిమిషాలు దాటిందని, అది కూడా ఉత్త సంచీ కోసం చేసిన అభ్యాసమని కొడుకు చెప్పాడు. తండ్రి ఫోను తిరిగి ఇచ్చి, వచ్చే ఏడు కూడా పోతావా అని అడిగాడు. పోతానన్నాడు.